గిల్లితే కదిలిన కాలు

“కదిలింది! చూశావా, కాలు లాక్కున్నాడు!”

బండి మీంచి పడి వెన్ను విరిగినప్పటి నుంచీ మంచానికే అతుక్కుపోయిన తమ్ముడి పాదాన్ని అమ్మ మళ్లీ గట్టిగా గిల్లింది. కాలు చటుక్కున ముడుచుకుంది.

అమ్మ నా వైపు తిరిగింది.

“మీ ఎలుకలకీ మొదట ఇలాగేగా? చెప్పవే!”

ల్యాబ్‌లో వెన్ను దెబ్బతిన్న ఎలుకలు ఎంత కోలుకున్నాయో చూసి మార్కులు వేయడం నా ఉద్యోగం. వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుక కూడా గిల్లితే కాలు లాక్కుంటుంది. గిల్లిన కబురు మెదడు దాకా చేరదు. అలాంటి కదలికకి మేం సున్నా వేస్తాం.

“అమ్మా, అదీ...”

“నేనే కదిపానమ్మా,” అన్నాడు తమ్ముడు, తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ.

“నా తండ్రే!” అమ్మ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, నాన్నకి చెప్పడానికి పరుగెత్తింది.

నేను మంచం మీద వాడి పక్కన కూలబడ్డాను. “ఎందుకురా అబద్ధం?”

“మార్కులు తర్వాత వేద్దువుగాని, ఎలుకల టీచరమ్మా. ఇన్నాళ్లకి నవ్వింది.”

ఫ్యాన్ మీంచి చూపు తిప్పకుండానే, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంతకీ అమ్మ గిల్లింది ఏ కాలక్కా?”