నరకకుండా వదిలిన దుబ్బు

ఆ చిత్తడిలో జమ్ముగడ్డి ఎంత దట్టంగా పెరిగిందంటే, బాతులు ఈదడానికి జానెడు నీళ్లు కనిపించేవి కావు. ఒకరోజు మనుషులొచ్చి, మొలలోతు బురదలో దిగి, సాయంత్రానికల్లా జమ్మంతా నరికేశారు. అద్దంలాంటి నీళ్లు బయటపడ్డాయి.

"మన అవస్థ చూడలేక ఎవరో పుణ్యం కట్టుకున్నారు" అంటూ గుంపుకి పెద్ద అయిన పండుముక్కు మామ ముందుగా దిగాడు.

చుక్కముక్కు అనే పడుచుబాతుకి మాత్రం మనసులో ఏదో తొలుస్తూనే ఉంది.

"మామా, జమ్ము కోసేవాళ్లు మోపులు కట్టి ఇంటికి మోసుకుపోతారు కదా. వీళ్లేంటి, గట్టున పారేసి పోయారు?"

"వాళ్లకి అక్కర్లేదేమో."

"చేపల కోసమా అంటే వల వెయ్యలేదు. మరి ఇంత చాకిరీ ఎవరి కోసం?"

"నీకు తిన్నది అరగదే పిల్లా. ఊరికే వచ్చినదాన్ని ఇంతలా గుచ్చి గుచ్చి అడుగుతారా?"

"అంతా నరికి, గట్టువార ఆ ఒక్క దుబ్బు ఎందుకు వదిలేశారు?"

మామ విసుక్కుని నీళ్ల నడిమికి ఈదుకుంటూ పోయాడు. చుక్కముక్కు వెళ్లి దుబ్బులో దూరింది. లోపల మనిషి కూర్చునేలా ఒక పీట వేసి ఉంది. దాన్నిండా తుపాకీమందు వాసన. ఎదురుగా జమ్మును పాయతీసి చిన్న కంత చేశారు. పీట ఎక్కి, మెడ సాచి, అందులోంచి చూసింది.

చూసి, ఒక్క ఉదుటున తిరిగొచ్చింది.

"ఏం, ఏమైనా కనిపించిందా?" అన్నాడు మామ వెటకారంగా.

"లోపల మనిషి కూర్చునే పీట, తుపాకీమందు వాసన. ఎదుటి కంతలోంచి నువ్వే కనిపించావు మామా."

గుంపులో అందరికంటే ముందు ఎగరడానికి రెక్క విప్పింది మామే.