కొత్త డ్రైవరు

“బోనెట్టు మీద సెయ్యి పెట్టకు బావా, తోలు ఊడొచ్చేత్తాది,” అన్నాడు జోగారావు.

బండి తోలుకొచ్చిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పలాసలో హైవే పక్కనున్న జోగారావు మెకానిక్ షెడ్డులోకి అంత ఖరీదైన బండి రావడం అదే మొదలు. నల్లటి విదేశీ బండి. ముందు నుంచి ఆవిరి పొంగుతోంది. వెనక సీట్లో యాభై ఏళ్ళ పెద్దమనిషి, తెల్లటి కొత్త చొక్కా, కొత్త పంచె, వీపు వెనక మెత్తటి దిండు. ఎడమ డొక్క మీద చెయ్యి ఆన్చుకుని కూర్చున్నాడు. తోలినాయన చొక్కా మాత్రం నలిగిపోయి ఉంది, గడ్డం మాసింది.

సంగతి తోలినాయనే చెప్పాడు. లోపలున్నది పైడిరాజుగారు. విశాఖలో ఆపరేషనయి పన్నెండు రోజులైంది, ఈ పొద్దునే ఆసుపత్రి నుంచి పంపారు. జలంత్రకోటలో ఆయన భార్య తవిటమ్మ ఎదురుచూస్తోంది. చీకటిపడకుండా చేరుస్తానని ఆవిడకు మాటిచ్చాడట. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చెమట పట్టకూడదు, కుదుపు తగలకూడదు. చూస్తే మే నెల, మిట్టమధ్యాహ్నం, ఏసీ ఆగిపోయింది.

ఆటో పిలుస్తానన్నాడు జోగారావు. వద్దన్నాడు తోలినాయన. ఉద్దానం రోడ్ల మీద ఆటో ఎక్కిస్తే కుట్లు మిగలవనీ, ఈ బండయితే గుంత తెలియనివ్వదనీ, ఎలాగైనా దీన్నే లేపమనీ బతిమాలాడు.

అంతలోనే పరుగున వెళ్ళి నాలుగు తలుపులూ తెరిచాడు. అట్టముక్క పట్టుకుని విసరడం మొదలెట్టాడు. కొబ్బరిబొండం కొట్టించి తెచ్చి, మూతి తుడిచి మరీ అందించాడు. పెద్దమనిషి వద్దు వద్దంటూ సీట్లోకి ముడుచుకుపోయాడు. జోగారావుకి ఇలాంటి డ్రైవర్లంటే ఒళ్ళుమంట. యజమాని చూస్తుంటే వినయం, చాటుకెళితే చాడీలు. ఎంతమందిని చూడలేదు తను!

బోనెట్టు ఎత్తాక మాత్రం ఆ మంట చల్లారి భయం పట్టుకుంది. అతనికి తెలిసినవి జీపులు, లారీలు, జీడిపిక్కల మిల్లుల్లో బాయిలర్లు, గాలి కొట్టే బ్లోయర్లు. ఇక్కడ ఇంజను నెత్తిన ఇంకో యంత్రం కూర్చుని ఉంది.

తోలినాయన విడమరచి చెప్పాడు. ఇంజను తనంతట తాను పీల్చే గాలి చాలదని పైన ఆ పంపు పెట్టారట. బెల్టు తిప్పితే తిరిగి, గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. అందుకే అంత బరువైన బండి అంత జోరుగా పోతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి వేరే నీళ్ళు, వేరే చిన్న మోటారు. ఆ మోటారు కాలిపోవడం, పంపుని బెల్టు చక్రానికి కలిపే కప్లింగు అరిగి గలగలమనడం, వేడికి ప్లాస్టిక్ గొట్టాలు పగలడం ఈ రకం ఇంజన్లకు మామూలేనని పుస్తకాల్లో చదివాడట.

“ఇంతా సేసి బ్లోయరేనన్నమాట,” అన్నాడు జోగారావు. ధైర్యం వచ్చింది. టార్చి వేసి, నీళ్ళు పోసి వెతికాడు. పంపు కిందుగా పోయే గొట్టానికి వెంట్రుకంత పగులు. నీళ్ళన్నీ అక్కడినుంచే పోయాయి.

“ఈ కారడం ఇయ్యాల్టిది కాదు. రోజూ నీళ్ళు సూడవా? ఎన్నాళ్ళయింది ఈ బండెక్కి?”

“స్టీరింగు పట్టి పన్నెండు రోజులే. తప్పు నాదే.”

“పాత డ్రైవరేడీ?”

“సెలవులో ఉన్నాడు. అతనైతే రోజూ చూసేవాడు.”

వెనక సీట్లో పెద్దమనిషి ఏదో అనబోయాడు. తోలినాయన కళ్ళతోనే వారించాడు. ఇంకొకడి పనితనం ఒప్పుకున్న డ్రైవర్ని జోగారావు చూడడం అదే మొదలు. కాస్త మెత్తబడ్డాడు.

పగిలిన ముక్క కోసేసి, మిల్లు బాయిలరు తాలూకు రాగి గొట్టం తునక అతికి, రెండు పక్కలా రబ్బరు తొడిగి క్లిప్పులు బిగించాడు. ఉద్దానం బోరు నీళ్ళు పోస్తే గార పడుతుంది, బ్యాటరీ నీళ్ళు కావాలన్నాడు. తోలినాయన ఎండలో నడిచి వెళ్ళి రెండు చేతులా డబ్బాలు మోసుకొచ్చాడు. దారిలో ఎవరో ఫోను చేసినట్టున్నారు. “ఈయన్ని ఇంట్లో దించాకే వెనక్కి బయల్దేరతాను, ఆమెకు చెప్పు,” అంటున్నాడు.

నాలుగున్నరకి ఇంజను లేచింది. పంపు సన్నగా ఈల వేసింది. వేడి ముల్లు సగం దగ్గర నిలిచి, అరగంట చూసినా కదల్లేదు. చల్లగాలి మొదలయ్యాక పైడిరాజు మొహం తేటపడింది. కాస్త అరిగిన కప్లింగు తరవాత మార్పించవచ్చనీ, వేగం డెబ్బై దాటి తోలొద్దనీ చెప్పాడు జోగారావు.

తోలినాయన నూనె ఓడుతున్న జోగారావు చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “మీ మేలు మరిచిపోను,” అన్నాడు. మధ్యాహ్నం మనసులో తిట్టుకున్నందుకు జోగారావుకి సిగ్గేసింది.

ఆయన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. జోగారావు వెనక తలుపు దగ్గర వంగాడు.

“ముప్పై ఏళ్ళ నుంచి డ్రైవర్లని సూత్తన్నాను బాబూ. యజమానిని ఇంత పేణంగా సూసుకునేటోడిని సూణ్ణేదు. మీ డ్రైవర్ని ఒదులుకోకండి.”

పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. కుళాయి దగ్గరున్న మనిషి వైపు చూస్తూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“డ్రైవర్ని నాను బావూ, ఆల ఇంటావిడకి నా కిడ్నీ ఇచ్చి ఒత్తన్నాను.”