సీసాల్లో ఉన్నది

"మేడం, మీ బెలూన్ పెట్టె మా చేన్ల పడ్డది. దాని మీద ఈ నంబరు రాసున్నది. నా పేరు కుర్మయ్య, శంషాబాద్ అవతల మా ఊరు."

ఫోన్‌లో ఆ మాట వినగానే మెహ్రీన్‌కి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే భయం పట్టుకుంది.

ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఆకాశంలో ఏమేం కలిసి ఉన్నాయో తేల్చడం ఆమె పరిశోధన. దానికి మొదటి నుంచీ శనే పట్టింది. మొదటి బెలూన్ ఎగరకముందే చిరిగింది. రెండోది చెరువులో మునిగింది. మూడోదాని స్టీలు సీసాలు కాటేదాన్‌లో పాత ఇనుము కొట్టులో నలిగి కనిపించాయి. ఇది ఆఖరిది. ఎయిర్‌పోర్టు అనుమతి కోసం చెప్పులరిగేలా తిరిగితే ఎగిరింది. ఇదీ పోతే ల్యాబ్‌కి తాళమేనని పై అధికారి మొహం మీదే చెప్పేశాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ వేళ మెహ్రీన్‌కి అది తోచలేదు.

"పెద్దాయనా, పెట్టెలో స్టీలు సీసాలుంటాయి. వాటిలో ఉన్నది కోట్లు పోసినా దొరకదు. రవ్వంత పోయినా మీ ఊరందరి మీదా పోలీసు కేసు పెడతాను!"

ఆమె ఫోన్ పెట్టేసి బయల్దేరింది.

అత్తాపూర్ దాకా ఒకటే ట్రాఫిక్. ఇంకేం మిగిలుంటాయిలే అనుకుంటూనే వెళ్లింది. ఆశ పెట్టుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది.

చేను దగ్గర ఊరంతా గుమిగూడి ఉంది. చూస్తే ఆశ్చర్యం! బెలూన్ ప్లాస్టిక్ మడతపెట్టి ఉంది. పారాచూట్ తాళ్లు కూడా చుట్టలు చుట్టి పెట్టారు. ఒక్క మేకు పోలేదు. కొత్త తుండుగుడ్డ పరిచి, దాని మీద సీసాలన్నీ తళతళలాడేలా తుడిచి పేర్చారు.

మెహ్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి మనుషుల్నా దొంగల్ని చేసి మాట్లాడానని సిగ్గుపడింది.

కుర్మయ్య మొహంలో మాత్రం కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ముందుకొచ్చి, ఆమె కాళ్ల మీద పడబోయాడు.

"అయ్యో, ఏమైంది పెద్దాయనా?"

"మా పిల్లల మీద ఒట్టు బిడ్డా, మేమేం తియ్యలే. నువ్వు కేసు పెడ్తనంటివని, పెద్దమనుషుల్ని పిలిచి అందరి ముంగట్నే ఒక్కొక్క సీస మూత ఇప్పి చూస్తే, దేంట్ల గూడ వట్టి గాలి తప్ప ఏం లేదు!"