మీ దిక్కు పిల్ల

ఆదిలక్ష్మి ఫోను తెచ్చి కిమ్ చెవి దగ్గర పెట్టింది.

"ఈ మాట నీకు తెలుస్తాందా, పాపా?"

జ్వరంలో ఎవరో ఆడపిల్ల కలవరిస్తోంది. నాలుగు మాటలు వినేసరికి కిమ్ చేతిలో దువ్వెన జారి కిందపడింది.

"తెలుస్తుంది, అక్కా."

"నేను చెప్పలా! ఆళ్లగడ్డలో మా చెల్లెలు భవాని పార్లర్‌కు కొత్తగా వచ్చిన పిల్ల. పేరు లైమా. జరమొచ్చి ఆస్పత్రిలో పడుంది. కూడు ముట్టదు, మందు మింగదు. అచ్చం నీ మాదిరే ఉంటాది. మీ దిక్కు పిల్లే. నువ్వు పోయి రెండు మాటలు మాట్లాడితే దానికి పానం లేచొస్తాది."

"నేను పోను, అక్కా. భయం."

ఆదిలక్ష్మి నొచ్చుకుంది. నంద్యాలలో బట్టల కొట్టున్న కుటుంబం ఆమెది. కొట్టు మీద మేడలో తనే పార్లర్ పెట్టింది. కిమ్ అక్కడే పనిచేస్తూ వెనక గదిలో ఉంటోంది. ఎక్కడో ఈశాన్యపు కొండల నుంచి వచ్చింది. తెలుగు వచ్చింది గానీ బెదురు పోలేదు. వీధిలో టపాసు పేలినా వణికిపోతుంది. తెలియనివాళ్ళు తలుపు తడితే గడియ తీయదు. పరాయి దేశంలాంటి చోటు, పాపం, అనుకునేది ఆదిలక్ష్మి.

"గంట ప్రయాణం. భయమేందే? సాటి ఆడపిల్ల చచ్చేటట్టుంటే?"

కిమ్ చున్నీ కప్పుకుని చర్చికి వెళ్ళింది. ఆదివారం కాదు కాబట్టి లోపల ఎవరూ లేరు. వెనక బల్ల దగ్గర మోకరించింది. చిన్నప్పుడు అమ్మ పక్కన మోకరించి చెప్పుకున్న ప్రార్థన నోటికి రాలేదు. ఏడుపొచ్చింది.

"ప్రభువా, నన్ను పంపొద్దు," అంది తన భాషలో. చాలాసేపటికి, "పంపేటట్లయితే నువ్వు ముందు నడువు," అంది.

బస్సులో పక్కసీటు ముసలామె అడిగింది. "యా ఊరు పాపా మీది? నేపాలా?"

కిమ్ అవునన్నట్టు తల ఊపింది. శిరివెళ్ల దాటాక దిగిపోదామని లేచి నిలబడింది. ముసలామె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆళ్లగడ్డ ఇంకా రాల్యా."

ఆస్పత్రి గుమ్మంలో భవాని ఎదురొచ్చింది. "వచ్చినావా తల్లీ! కిమ్ వస్తాందని ఆ పిల్లకు చెప్పినా. ఆ మూల మంచం."

కిమ్‌ను చూడగానే లైమా దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడకు అతుక్కుపోయింది. కిమ్ వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చేసింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏం చెప్పుకుందో, మళ్ళీ లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"ఎందుకొచ్చావు?" అంది లైమా, తన భాషలో.

"నువ్వు ఒంటరిగా ఉన్నావని," అంది కిమ్, ఆ భాషలోనే.

లైమా చాలాసేపు ఆమె ముఖం వంకే చూసింది. తర్వాత ఏదో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. కిమ్ కూడా కళ్ళు తుడుచుకుంది.

"ఏమంటాంది?" అంది భవాని. "వాళ్ళింటికి ఫోను చేద్దామా?"

"వాళ్ళకు ఇల్లు లేదు, అక్కా. నాకూ లేదు."

భవాని తెచ్చిన గంజి కిమ్ చల్లార్చింది. స్పూను నోటి దగ్గర పెట్టింది. లైమా ముందు కిమ్ చేతిని చూసింది, తర్వాత కళ్ళలోకి చూసింది. నోరు తెరిచింది. రెండో స్పూనుకు తనే ముందుకు వంగింది. మాత్ర కూడా మింగింది. కిమ్ తడిగుడ్డతో ఆమె నుదురు తుడిచి, చిక్కుపడ్డ జుట్టు మెల్లగా విడదీసి జడ వేసింది.

సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది.

"నీ చెల్లెలా?"

"అవును," అంది కిమ్. "నా చెల్లెలే."

మణిపూర్ అల్లర్లలో కిమ్ ఇంటినీ, వాళ్ళ చర్చినీ తగలబెట్టింది లైమా జాతివాళ్ళు, లైమా ఇంటిని తగలబెట్టింది కిమ్ జాతివాళ్ళు.