స్వాతి పైపులు

"ఆ పంపు నువ్వు ఆపుతావా, నన్నే పీకీమంటావా?" కొంగు నడుముకి దోపుకుని అడిగింది రత్నం.

"ఆపితే ఈ ఎండకి మొక్కల వేళ్ళు ఎండిపోతాయమ్మా," అంది స్వాతి, బకెట్‌కి అడ్డంగా నిలబడి.

రైల్వే క్వార్టరు ముందుగదిలో గోడ పొడవునా ఇనుప స్టాండు. దాని మీద నాలుగు తెల్ల పైపులు. పైపులకు కన్నాలు, కన్నాల్లో పుదీనా, పాలకూర, తోటకూర. మట్టి అన్నది లేదు. బకెట్లోని చిన్న పంపు నీళ్ళను పైకి తోస్తే, అవి ఒక్కో పైపూ దిగి మళ్ళీ బకెట్లోకే వచ్చి పడుతున్నాయి. ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చాక స్వాతి తనే కోసి, అతికించి కట్టుకున్న తోట అది.

"పెళ్ళివారు చక్రధర్‌పూర్ బండి దిగిపోయినారట. పిల్లని సూడ్డానికొచ్చి డ్రైనేజీ పైపులు సూసెల్తారేటి? ఏటండీ, మీరైనా సెప్పండి."

ఎర్రయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యనీ కూతురినీ మార్చి మార్చి చూశాడు.

"దుప్పటి కప్పీద్దాం," అన్నాడు.

పూల దుప్పటి కప్పారు.

కాసేపటికి సూర్యకుమారి, ఆమె కొడుకు మణికంఠ వచ్చి కూర్చున్నారు. టీలు వచ్చాయి, సింగారాలని అక్కడ పిలిచే వేడి సమోసాలు వచ్చాయి. మాటలు బాగానే సాగాయి. అందరూ ఒక్క క్షణం ఊరుకునేసరికి దుప్పటి వెనక బుడబుడమంది.

"ఏటా సప్పుడు?" అంది సూర్యకుమారి.

"పైనింటోళ్ళ ట్యాంకు, వొదినా. నిండితే అలాగే," అంది రత్నం.

"ట్యాంకు దుప్పటెనకాల ఉందేటి?" సూర్యకుమారి లేచి వెళ్ళి దుప్పటి లాగేసింది.

పైపులు చూసింది. వంగి బకెట్ చూసింది. ఆమె ముఖం బిగుసుకుపోయింది. మణికంఠ గబుక్కున లేచి ఏదో అనబోయాడు.

"నువ్వు కూకో!" అని గదిమింది తల్లి. "ఎవరు కట్టినారిది?"

"నేనేనండి." స్వాతి వచ్చి బకెట్ పక్కన నిలబడింది. "ముందే సెప్తన్నాను. నేను ఏ ఇంటికెల్లినా ఇది నాతో వస్తాది. వద్దన్న ఇంటికి నేనెల్లను."

సూర్యకుమారి కొడుకు చెయ్యి పట్టుకుంది. "బండి టైమయింది, పదరా," అంటూ బయటికి నడిచింది. టీ కప్పులో సగానికి సగం ఉండిపోయింది.

తల్లి తిడుతుందని స్వాతి ఎదురుచూసింది. రత్నం తిట్టలేదు. దుప్పటి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.

"దాసినది నేను. నువ్వు నిజమే సెప్పినావు," అంది చివరికి. ఎర్రయ్య నాలుగు పుదీనా ఆకులు తెంపి ఇచ్చాడు. ముగ్గురూ మళ్ళీ టీ పెట్టుకుని తాగారు. నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంటే హాయిగానే ఉంది.

సాయంత్రం ఫోను మోగింది. సూర్యకుమారి. రత్నం స్పీకరు నొక్కింది.

"వొదినా, పిల్ల మాకు నచ్చింది. కానీ ఒక్క షరతు."

రత్నం కూతురి వైపు చూసింది. స్వాతి తల అడ్డంగా ఊపింది.

"సెప్పండి, వొదినా."

"పెళ్ళయిన మర్నాడే ఇద్దరిచేతా వేరే కాపురం పెట్టించీద్దాం. మావోడి పైపులతోనే ఇల్లు నిండిపోయింది, మీ పిల్లవి కూడా వచ్చినాయంటే నేనెక్కడ పడుకోవాల?"