కేకీ ఇంటి గడప

1978 ఎండాకాలం. కేకీ చనిపోయాడని వరంగల్ బజారులో విని, పదకొండేళ్ల పంతం మరిచి వాళ్లింటికి పరుగెత్తాను.

కూతురు పేరిన్ గడపలోనే ఆపింది. "ప్రార్థన అయిపోయింది చాచా. ఇగ పార్సీలు కానోళ్లు నాన్న ముఖం చూడొద్దు."

"ముప్పై ఏండ్ల దోస్తును! ఏం ఆచారమే మీది? సచ్చినంక గూడ మతమేనా?" అని అరిచాను. తెలిసిన మతాలన్నిటినీ ఒక్కదాన్నీ వదలకుండా తిట్టాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "నువ్వొచ్చి చూసేదాక ప్రార్థన మొదలువెట్టొద్దన్నడు నాన్న. పొద్దటి సంది ఆపినం. పొద్దుగూకకముందే సికింద్రాబాద్‌ల మా పార్సీల శ్మశానానికి తీస్కపోవాలెనని ఇగ కానిచ్చినం. మూడుసార్లు మనిషిని తోలినం గదా చాచా?"

నిజమే. "మాట్లాడాలంటే మీ కేకీ సేఠ్‌నే రమ్మను" అని, ఆ మనిషిని మూడుసార్లూ నోరు తెరవనివ్వకుండా వెళ్లగొట్టాను.