బోర్డు మీది అంకె

“ఇవాళ ఎంతుంది?” అద్దం వెనక నుంచి ఇంటర్‌కమ్‌లో అడిగాడాయన.

ఆయన ఒంట్లో ఇంకా ఎంత రేడియేషన్ ఉందో కొలిచి, మీటరమ్మాయి ఇప్పుడే తలుపు పక్క బోర్డు మీద రాసి వెళ్ళింది. డెబ్భై ఎనిమిది. నిన్న ఎనభై. గదిలోంచి ఆ బోర్డు కనపడదు.

“నలభై అయిదండీ,” అంది భార్య.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరావిడ. కన్నకూతురికైనా అర మార్కు ఎక్కువేసి ఎరగదు. అలాంటి మనిషి కళ్ళార్పకుండా అబద్ధమాడింది. ఏం చేస్తుంది పాపం! తన చెల్లెలికి క్యాన్సరొచ్చి థైరాయిడ్ తీసేశాక ఈ రేడియేషన్ మందు, రేడియో అయోడిన్నే ఇచ్చారు. అంకె జర్రున దిగింది, మూడో రోజుకల్లా నవ్వుతూ ఇంటికొచ్చేసింది. ఈయనది ప్రొస్టేట్ క్యాన్సర్. ముందు ఆ గ్రంథిలోకి ఏదో జన్యువును సూదితో ఎక్కించి, తర్వాత అయోడిన్ ఇచ్చారు. ఆ సూది ఎందుకని ఆమె అడిగితే, “గ్రంథికి కొత్త విద్య నేర్పుతారటలే, నీకెందుకు బెంగ,” అని ఆయన తేల్చేశాడు. తీరా చూస్తే అంకె మొండికేసి కూర్చుంది. ఈ సంగతి తెలిస్తే మనిషి బతుకు మీద ఆశ వదిలేసుకుంటాడని ఆమె భయం.

“నలభై అయిదా?” ఆయన గొంతు నీరుగారిపోయింది. “సరిగ్గా చూశావా టీచరమ్మా?”

“నాకే లెక్కలు నేర్పుతారా? ముందు అన్నం తినండి.”

“ఆకలి లేదే.”

మర్నాడు బోర్డు మీద డెబ్భై ఆరు. ఆమె ఇరవై అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“బీరువా తాళం నా పాత కళ్ళజోడు పెట్టెలో ఉంది. గుర్తుపెట్టుకో.”

“అవేం మాటలండీ!” అని కసిరిందామె. మంచి కబురు చెబుతుంటే ఈయన ఇలా డీలాపడతాడేం? రేపు పది అని చెప్పాలి, అప్పుడైనా లేచి కూర్చుంటాడు.

అంతలో డాక్టరమ్మ స్కాన్ ఫొటోతో వచ్చి ఇంటర్‌కమ్ నొక్కింది. టీచరమ్మ పక్కనుంచి వద్దు వద్దని చేతులూపుతూనే ఉంది.

“డెబ్భై ఆరండీ!”

ఆయన చివాల్న లేచి అద్దం దగ్గరికొచ్చాడు. “ఎంతన్నారూ?”

“డెబ్భై ఆరు.”

అద్దానికి నుదురానించి భోరుమన్నాడు. భార్య గబగబా ఇంటర్‌కమ్ అందుకుంది.

“తప్పయిపోయిందండీ. మీరు బెంగపెట్టుకుంటారని నేనే తగ్గించి చెప్పాను.”

ఆయన తలెత్తాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. “ఓసి నీ లెక్కలు బంగారంగానూ! రెండు రోజులుగా నన్ను నిలువునా చంపేశావు కదే! అన్నం తెమ్మను, ఆకలి దంచేస్తోంది.”

“అంకె దిగలేదుగా, ఆ నవ్వెందుకండీ?” ఆమె బిక్కమొహం వేసింది.

“గ్రంథికి నేర్పిన ఆ విద్యేమిటో నీకు చెప్పనేలేదు కదూ?” కళ్ళు తుడుచుకున్నాడాయన.

“జబ్బు మాడిపోయేదాకా అయోడిన్‌ని వదలకపోవడం.”